నెత్తి మీద ఎవరూ లేని గది

పోయిన వారం మనం ఇన్షిరాహ్‌ను ఒక ఖాళీ ఇంటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, చేతిలో క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి వండిన మహషీ గిన్నె, ఎదురుగా బార్లా తెరిచిన తలుపు, లోపల మడత కూడా విప్పని కొత్త దుప్పట్లు. మనుషులు మాత్రం లేరు. శౌకియా తన ఇద్దరు పిల్లల్నీ రెక్క పట్టుకుని, గృహప్రవేశం చేసిన రాత్రే ఎటో వెళ్ళిపోయింది.

నిలువ నీడ లేని సంసారాలకి, అందులోనూ మనసు బాగాలేని మనిషి ఉన్న సంసారాలకి ఇళ్ళు వెతికిపెట్టే సంస్థలో పనిచేస్తూనే ఇన్షిరాహ్ జుట్టు నెరిసింది. ఇంట్లో చేరాక కిటికీలకి మేకులు కొట్టుకున్నవాళ్ళని చూసింది, కుళాయి కట్టకుండా వీధి వీధంతా తడిపినవాళ్ళని చూసింది. ఒక్క రాత్రి కూడా ఉండకుండా పోయినవాళ్ళని మాత్రం చూడలేదు. పైగా అది అలాంటి ఇలాంటి ఇల్లు కాదు. సముద్రం పక్కన బహరీ పేటలో, హజ్ యాత్ర చేసొచ్చిన హజ్జా దవ్లత్ గారి భవనంలో, నేల అంతస్తులో, కొత్తగా గచ్చు పరిచిన రెండు గదులు. హజ్జా మొదట మేడమీద పావురాల గూటి పక్కనున్న గది ఇస్తానంటే ఇన్షిరాహ్ ఒంటికాలి మీద లేచింది. "మేడమీద గది కాపలావాళ్ళకి ఇచ్చుకోండి హజ్జా. నా మనుషులకి మనుషులుండే ఇల్లు కావాలి" అంది. ఆ మాట అన్న రోజు తనని చూసి తనే మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ మురిపెం కాస్తా దిగిపోయింది. గురువారం నాడు పిల్లల సంరక్షణ ఆఫీసు మనిషి ఇల్లు చూడ్డానికి వస్తుంది. తల్లీపిల్లలు ఒక ఇంట్లో కుదురుగా కనబడ్డారా, సరే. లేదంటే ఈ చలికాలం పిల్లలు ప్రభుత్వ వసతి గృహానికి, తల్లి తన దారికి. ఈ ఊరి మీదికి చలికాలంలో ఏటా పేర్లతో సహా వచ్చే గాలివానల్లో చీపురు తుపాను ఊరు ఊడ్చేసి వెళ్ళి చాలా రోజులైంది, ఖాసిం తుపాను ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ గాలిలో పిల్లల్ని బయట పడుకోబెట్టారంటే ఏ ఆఫీసూ ఊరుకోదు.

ఎక్కడికి పోయి ఉంటారో ఇన్షిరాహ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్నె అలాగే చంకనెత్తుకుని, ఇల్లు దొరికేదాకా వాళ్ళు తలదాచుకున్న అన్‌ఫూషీ సముద్రపు ఒడ్డుకి నడిచింది.

అక్కడ పడవలు కట్టే మేస్త్రి ఉస్తా మర్జూక్ సుత్తి కింద పెట్టి, ఆమెను చూసి తల గోక్కున్నాడు.

"నీ ఇంటికన్నా నా పడవే నచ్చినట్టుంది తల్లీ వాళ్ళకి. పొద్దున వచ్చేసరికి అందులోనే ఉన్నారు. పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. కానీ ఈ వారంలో దానికి పైన చెక్క పరిచేస్తాను. తర్వాత అది నీళ్ళలోకి పోవాల్సిందే. ఆపితే పడవ యజమాని నన్ను నీళ్ళలోకి తోస్తాడు."

సగం కట్టిన పడవ అది. పక్కటెముకలు మాత్రం లేచి ఉన్నాయి, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అందులో ఒక మూల శౌకియా కూర్చుని వేయించిన సార్డిన్ చేపకి ముళ్ళు తీసి నాలుగేళ్ళ జియాద్ నోట్లో పెడుతోంది. కూతురు బుసైనా ఇన్షిరాహ్‌ను చూసి లేచి నిలబడింది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ముఖం దించుకుంది.

ఇన్షిరాహ్ చెప్పులు విడిచి పడవలోకి ఎక్కి వాళ్ళ మధ్య చతికిలబడింది. గిన్నె మూత తీసింది. కోపం వచ్చినప్పుడు ముందు తిండి పెట్టడం ఆమె పద్ధతి. జియాద్ చేపని వదిలేసి మహషీ మీద పడ్డాడు.

"ఇల్లు బాగాలేదా?" అంది ఇన్షిరాహ్.

"బాగుందక్కా. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి. గచ్చు ఎంత నున్నగా ఉందో."

"మరి?"

శౌకియా ముళ్ళు తీస్తూనే ఉంది. జవాబు బుసైనా ఇచ్చింది. "అమ్మ రాత్రి పడుకోలేదు. గుమ్మంలో కూర్చుని పైకే చూసింది."

"మందులు వేసుకున్నావా శౌకియా?"

"వేసుకున్నా. మానేశానని అనుకుంటున్నావు కదూ. ఒక్కటీ మానలేదు. మందులు నా తలలో చప్పుడుకి అక్కా. ఇంటి మీద చప్పుడుకి అవేం చేస్తాయి?"

ఇన్షిరాహ్ ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. శౌకియా కథ తనకి తెలుసనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఉంటున్న భవనం కూలిపోయింది, రాత్రి పని చేసి వచ్చి పడుకున్న భర్త ఫత్‌హీ దాని కింద పోయాడు, ఆ దుఃఖంతో ఈమెకి మతి చలించింది, పసుపు మేడలో ఉంచి వైద్యం చేశారు. పిచ్చాసుపత్రిని ఈ దేశంలో పసుపు మేడ అనే అంటారు, పేరు పెట్టి పిలవడానికి అందరికీ భయమే. తర్వాత ఆడపడుచు ఇంట్లో కొన్నాళ్ళు తలదాచుకుంటే, ఆ ఇంటాయన గడప దాటించాడు. ఇంతే కదా కథ అనుకుంది.

"నువ్వు తిరగేసి విన్నావక్కా" అంది శౌకియా. గొంతు పెంచలేదు, ముఖంలో ఏ మార్పూ లేదు. "ముందు నాకు పిచ్చి పట్టింది. తర్వాత ఇల్లు కూలింది."

"ఏమిటీ?"

"మేం కింది ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ యజమాని పైన రెండంతస్తులు లేపుతున్నాడు. పగలంతా సుత్తులు. రాత్రి పనివాళ్ళు పోయాక కూడా నాకు వినిపించేది. కప్పు మాట్లాడుతోంది అన్నాను ఫత్‌హీతో. ఎంత మంచి మనిషో, నవ్వలేదు. షేక్‌ని పిలిచి నా తల మీద చెయ్యి పెట్టించి ఖురాన్ చదివించాడు. అప్పటికీ వినిపించింది. పిల్లల్ని తీసుకుని వీధిలో పడుకునేదాన్ని. అందరూ కలిసి నన్ను ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ చప్పుడు లేదు. నాకు తగ్గిపోయిందన్నారు. నేనూ తగ్గిందనే అనుకున్నా."

జియాద్ మూతి తుడిచి మళ్ళీ చెప్పింది.

"ఒక శుక్రవారం మా ఆడపడుచు నా పిల్లల్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది, నన్ను చూపించడానికి. ఫత్‌హీ కూడా రావాలి. రొట్టెల పొయ్యి దగ్గర రాత్రంతా నిలబడి వచ్చాడు కదా, పడుకోనీ అని లేపలేదట. మేం అక్కడ కూర్చుని బత్తాయిలు తింటున్నాం. అదే పొద్దున, అదే వేళకి ఇల్లు పడిపోయింది."

ఇన్షిరాహ్ చెయ్యి చాచి శౌకియా మోకాలి మీద వేసింది.

"అంటే నువ్వు విన్నది నిజమే" అంది.

"అది నిజం. కానీ నాకు జబ్బు లేదని చెప్పడం లేదక్కా, ఉంది. ఇప్పుడూ వినిపిస్తుంది. ఏమీ లేని చోట కూడా వినిపిస్తుంది. ట్రాములో వినిపించింది ఒకసారి. అందుకే కదా ఈ గోల. నిన్న రాత్రి మీ ఇంట్లో వినిపించింది. ఆ చప్పుడు నాదా, ఇంటిదా? నాదైతే మాత్ర వేసుకుని పడుకుంటా. ఇంటిదైతే పిల్లల్ని తీసుకుని పరిగెత్తాలి. ఎలా తెలుస్తుంది చెప్పు? నెత్తి మీద ఎవరూ లేకపోతే తెలుస్తుంది. పైన ఏమీ లేదు, కాబట్టి ఇది నాదే అనుకుని కళ్ళు మూసుకుంటా." తలెత్తి ఆకాశం చూసింది. "ఈ పడవలో నేను చక్కగా నిద్రపోతానక్కా. ఒట్టు."

ఇన్షిరాహ్ తన నెత్తి తనే కొట్టుకున్నంత పని చేసింది. ముక్కు ఎగరేసి కాదన్న మేడమీద గది, పావురాల పక్కన, ఆకాశం కింద. వీళ్ళ పరువు కాపాడుతున్నాననుకుని ఈమె నెత్తిన నాలుగంతస్తులు తెచ్చి పెట్టింది. పక్కన కూర్చుని నీకెలాంటి ఇల్లు కావాలమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. కింది ఇల్లు గొప్ప, మేడమీద గది తక్కువ అని ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళందరికీ తెలిసిందే కదా, ఇక అడిగేదేముంది అనుకుంది.

వాళ్ళని వెంటబెట్టుకుని హజ్జా ఇంటికి పోయే దారిలో ఆసుపత్రికి ఫోన్ చేసింది. శౌకియాకి వైద్యం చేసే డాక్టర్ రమ్సీ అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "ఎత్తైన చోటు అంటే నాకూ బెరుకే. కానీ ఆమెకి చావాలన్న ఆలోచన నేనెప్పుడూ చూడలేదు. ఆమె జబ్బంతా బతకాలన్న భయమే. అడిగింది ఇచ్చి చూడండి. నేనూ వచ్చి చూస్తుంటాను."

ఇక మిగిలింది హజ్జా దవ్లత్.

హజ్జా గారి ముందుగదిలో బంగారు పూతపూసిన కుర్చీలు, వాటికి ఇప్పటికీ విప్పని ప్లాస్టిక్ తొడుగులు. కూర్చుంటే కిర్రుమంటాయి, లేస్తే ఒంటికి అంటుకుని వస్తాయి. ఆవిడ టీలో చక్కెర కలుపుతూ అంతా వింది. వినడం అయ్యాక గ్లాసు కింద పెట్టింది.

"మేడమీద గది."

"అవును హజ్జా."

"కాపలావాళ్ళకి ఇచ్చుకోమన్నావు కదా."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను."

"అలా దారికి రా. తాగు, చల్లారిపోతోంది." హజ్జా కాస్త తృప్తి పడింది, కానీ మెత్తబడలేదు. "ఇదిగో చూడు ఇన్షిరాహ్, ఆ రోజు నాకు చెప్పలేదు, ఇవాళ వీధిలో అందరూ చెప్తున్నారు. ఆ పిల్ల పసుపు మేడకి వెళ్ళొచ్చిందట. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మేడమీద పెట్టమంటావా? పిట్టగోడ నా నడుం దాకా కూడా రాదు. రేపు దూకిందనుకో. పోలీసులు నా గుమ్మంలో. నా ఇంటికి ఇక చీమైనా అద్దెకి రాదు."

"ఆమె దూకడానికి అడగడం లేదు హజ్జా. పడుకోవడానికి అడుగుతోంది. పైన అంతస్తులుంటే ఆమెకి నిద్ర రాదు."

"నాకూ నిద్ర రాదు, పై ఇంటివాళ్ళ పిల్లలు బంతాట ఆడతారు. నేనేమైనా పావురాల్లోకి పోయి పడుకుంటున్నానా?"

ఇన్షిరాహ్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. వాదించే కొద్దీ ఈవిడ బిగుసుకుంటుందని తెలుసు. "పిలుస్తాను. మీరే మాట్లాడండి" అంది.

మెట్ల దగ్గర పిల్లలతో కూర్చున్న శౌకియా లోపలికి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చుంది. హజ్జా ఆమెని కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి, తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"నీకు చప్పుళ్ళు వినిపిస్తాయట."

"వినిపిస్తాయి హజ్జా."

"ఏమంటాయి?"

"ఏమీ అనవు. గోడ బీటవారితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది."

"నా ఇంట్లో వినిపించిందా?"

"కింది ఇంట్లో వినిపించింది. నిజమో నా తలదో తెలీదు. తెలీకే వెళ్ళిపోయాను. మీకు చెప్పకుండా పోవడం తప్పే."

హజ్జా కనుబొమలు లేచాయి. అయిపోయింది అనుకుంది ఇన్షిరాహ్, ఇంటి యజమానురాలి ముందు ఇల్లు బీటలిస్తోందని చెప్పింది మహాతల్లి.

"ఈ ఇల్లు మా నాన్న కట్టించాడు" అంది హజ్జా నెమ్మదిగా. "నేను పుట్టకముందు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు కూడా కదల్లేదట. నువ్వు విన్నది నీదే."

"అయితే మంచిదే హజ్జా. నాదైతే నేను భరించగలను."

ఆ మాట హజ్జాకి ఎక్కడో తగిలింది. టీ గ్లాసు వైపు చూసింది, గుమ్మంలోంచి తొంగి చూస్తున్న బుసైనా వైపు చూసింది. "నువ్వు దూకితే ఈ పిల్లల గతేంటి?" అంది. గొంతులో కరుకు తగ్గింది.

"దూకితే వీళ్ళని ఎవరు చూస్తారు హజ్జా? వీళ్ళ కోసమే కదా నేను పరిగెత్తేది. నాకు నిద్ర కావాలి. నిద్రపోతే పొద్దున లేచి రొట్టె తెస్తాను, దీన్ని బడికి పంపుతాను. నిద్ర లేకపోతే నా చేతిలో ఏదీ ఉండదు."

హజ్జా ఇన్షిరాహ్ వైపు తిరిగింది.

"మీ సంస్థ పూచీ నాకక్కర్లేదు. సంస్థలు ఇవాళ ఉంటాయి, రేపు బోర్డు తిప్పేస్తాయి. నీ పూచీ కావాలి. ఈమె బాధ్యత నీ మెడ మీద."

ఉద్యోగులెవరూ సొంతంగా పూచీ ఇవ్వకూడదని సంస్థలో గట్టి నియమం. ఇన్షిరాహ్ ఆ నియమాన్ని కొత్తగా చేరిన వాళ్ళకి బోధిస్తుంది కూడా. "నా మెడ మీదే" అంది.

"ఏడాది దాకా ఖాళీ చేయకూడదు. వారానికో మొహం చూసే ఓపిక లేదు నాకు."

"చేయదు."

"ఇంకొకటి. మీవాళ్ళు అయినదానికీ కానిదానికీ మున్సిపాలిటీకి అర్జీలు పెడతారని విన్నాను. తూము పొంగింది, మెట్టు విరిగింది అని. నా ఇంటి సంగతి ఏదైనా నాకే చెప్పాలి. ఇంకో గడప తొక్కకూడదు."

"మీకే చెప్తాం హజ్జా. ఇంకెవరికి చెప్తాం?"

"అయితే ఫాతిహా చదువుదాం."

ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా, మాట ఇచ్చి అది చదువుకున్నాక ఇక అటూ ఇటూ లేదు. పెళ్ళి సంబంధం కుదిరినా, పడవ చేతులు మారినా ఇక్కడ అంతే. కాగితం చింపేయొచ్చు, దీన్ని చింపలేరు. ఇన్షిరాహ్ ఆలోచించను కూడా లేదు, గురువారం కళ్ళముందు కనబడుతుంటే ఆలోచించేదెవరు? గభాలున అరచేతులు చాచింది. ముగ్గురు ఆడవాళ్ళూ పెదవులు కదుపుతూ చదివారు, అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. వెంటనే హజ్జా లేచి, "ఆ పిల్లాడికి బిస్కెట్టు పెట్టండర్రా, గుమ్మంలో ఎండిపోతున్నాడు" అంది.

మేడమీద గది ఊడ్చడానికి పెద్దసేపు పట్టలేదు. శౌకియా సామాను సర్దలేదు. ముందు పావురాలవాడి నిచ్చెన తెచ్చి గది గోడకి ఆనించి, కప్పు మీదకి ఎక్కింది. ఇన్షిరాహ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కింద నిచ్చెన పట్టుకుంది. పైన శౌకియా అరచేత్తో కప్పునంతా తడిమి చూసింది. నిలబడి చుట్టూ చూసింది. పక్క మేడల మీద ఆరేసిన బట్టలు, అవతల సముద్రం. దిగి వచ్చి, "ఎవరూ లేరక్కా" అంది.

తర్వాత చాప పరిచి పిల్లల మధ్య పడుకుంది. ఇంకా ఎండ పోలేదు. ఇన్షిరాహ్ గోడకి ఆనుకుని ఎదురుచూసింది. ఒకసారి శౌకియా కళ్ళు తెరిచి కప్పు వైపు చూసింది. ఏదో విన్నట్టుంది. "నాదే" అని తనలో తను అనుకుని, పక్కకి తిరిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది. కాసేపటికి గుర్రు మొదలైంది, అదీ మామూలు గుర్రు కాదు, జియాద్ చెవులు మూసుకుని నవ్వాడు. ఇన్షిరాహ్‌కి ఏడుపొచ్చింది. ఎంతోమందికి తాళంచెవులు ఇచ్చింది గానీ, ఒక మనిషికి ఇల్లు దొరకడం అంటే ఏమిటో ఇవాళే చూసింది. బుసైనాకి చూడమని సైగ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

కింద గుమ్మం ముందు లారీ ఆగి ఉంది. కూలీలు ఇటుకలు దింపుతున్నారు. గోడ వారగా సిమెంటు బస్తాలు, ఇసుక కుప్ప, వీధి సగం మూసుకుపోయింది. మధ్యలో హజ్జా దవ్లత్ నిలబడి అందరికీ గులాబీ షర్బత్ పంచుతోంది.

"రా రా, తీపి తాగు. మా సబ్రీకి సంబంధం ఖాయమైంది. నా చిన్నకొడుకు. విడిగా ఇల్లుంటేనే పిల్లనిస్తామన్నారు. ఎక్కడ తేను? మేడమీద రెండంతస్తులు లేపేద్దామన్నాడు వాడు. శనివారం పని మొదలు."

ఇన్షిరాహ్ చేతిలో షర్బత్ గ్లాసు చల్లగా ఉంది. "మేడమీద అంటే..."

"ఆ గదిని కదపంలే, భయపడకు. దాని నెత్తినే వేస్తాం. ఏడాది అన్నాను కదా, నేను మాట తప్పే మనిషిని కాదు."

"హజ్జా, ఆమె అడిగిందే నెత్తి మీద ఎవరూ ఉండకూడదని. చెప్పాను కదా మీకు."

"పైన అంతస్తులుంటే నిద్ర రాదన్నావు. లేవు కదా ఇవాళ? రేపు వచ్చేది మాత్రం పరాయివాళ్ళా, నా కొడుకూ కోడలూ. చీమలా నడుస్తుంది ఆ పిల్ల." హజ్జా ముఖంలో ఏ కపటమూ లేదు. అదే ఇన్షిరాహ్‌ని మరీ భయపెట్టింది.

"ఇంత పాత ఇంటి మీద రెండంతస్తులకి అనుమతి ఇచ్చారా?"

హజ్జా షర్బత్ పోయడం ఆపింది. "ఇంకో గడప తొక్కనన్నావు" అంది మెల్లగా. "ఇందాకే ఫాతిహా చదివాం ఇన్షిరాహ్. నీ పెదవుల తడి ఇంకా ఆరలేదు."

అర్జీ పెడితే ఇచ్చిన మాట పోతుంది, హజ్జా ఆ సాయంత్రమే చాప బయట పడేస్తుంది. పెట్టకపోతే పైన సుత్తులు మొదలవుతాయి. అప్పుడు శౌకియా వినే చప్పుడు ఎవరిదని చెప్పాలి? ఇన్నాళ్ళలో ఇన్షిరాహ్ ఆమెకి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె ఇంత దూరం వచ్చింది.

"చూశావా, లేచింది" అంది హజ్జా, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఇన్షిరాహ్ తలెత్తింది. నాలుగంతస్తుల పైన, పిట్టగోడ మీదికి వంగి శౌకియా కిందికి చూస్తోంది. తలగుడ్డ కాస్త పక్కకి జారింది. ముఖం నిద్రతో ఉబ్బి, ఎన్నడూ చూడనంత హాయిగా ఉంది. కూలీలు ఇటుకలు కిందపెట్టి పైకి చూశారు. ఇంతవరకూ శౌకియా పడవని 'పడవ' అనేది, కింది ఇంటిని 'మీ ఇల్లు' అనేది, ఫత్‌హీ పోయిన చోటుని అసలు ఏమీ అనేది కాదు.

"అక్కా," అని పిలిచింది శౌకియా, వీధంతా వినేట్టు. "ఆ ఇటుకలు మన ఇంటికేనా?"